మా ఊరి కింద ఒక హిమాలయం

2024 డిసెంబరు 4, బుధవారం. పొద్దున్న ఏడున్నర కావస్తోంది. స్టాండప్ కాల్‌కి ఇంకా టైముంది కదా అని కాఫీ కప్పుతో కూర్చున్నానో లేదో, ఊర్నుంచి నాన్న ఫోను.

"ఏరా, మీకేమైనా తెలిసిందా అక్కడ? ఇక్కడ మంచం ఊగిందిరా. గిన్నెల స్టాండు గలగలమంది. అందరూ రోడ్డు మీదకొచ్చేశారు."

టీవీ పెడితే అప్పటికే స్క్రోలింగు వస్తోంది. ములుగు దగ్గర భూకంపం, తీవ్రత 5.3. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా తెలిసిందట. నాన్న అంతటితో వదల్లేదు. "మనది గట్టి నేల గదరా, రాయి మీద కూర్చున్నాం. మనకెందుకొస్తుందిరా భూకంపం?" అన్నాడు. "ఏదో చిన్నదిలే నాన్నా" అని తప్పించుకున్నా.

మాది ఎ.కొండూరు, తిరువూరు దగ్గర. పేరులోనే కొండ ఉంది. నాన్న అడిగిన దాంట్లో ఆయన తప్పేం లేదు. మనందరం బళ్ళో బట్టీ పట్టిందే అది. ద్వీపకల్ప పీఠభూమి అతి ప్రాచీనమైనది, స్థిరమైనది. హిమాలయాలు ముడుత పర్వతాలు, వయసులో చిన్నవి, భూకంపాలొచ్చేది అక్కడే. రెండు మార్కుల ప్రశ్న. రాసిందీ తప్పు కాదు, మార్కులూ వచ్చాయి. కానీ అది కథలో చివరి అధ్యాయం మాత్రమే అని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. ఆ రోజు నుంచి శని ఆదివారాలు దీని మీదే పడ్డాను. నేను జియాలజీ చదివినవాణ్ణి కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కాబట్టి అర్థమైనంత వరకూ మామూలు మాటల్లో చెబుతాను.

ముందు ఒక రోడ్డు సంగతి. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో మొదలై కొండపల్లి, మైలవరం మీదుగా మా ఎ.కొండూరు, తిరువూరు దాటి, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మీదుగా పోయే రోడ్డు ఉంది కదా, ఒకప్పుడు 221 అనేవాళ్ళం. ఇప్పుడది 30వ నంబరు జాతీయ రహదారి. అదెక్కడ తేలుతుందో తెలుసా? జగదల్‌పూర్, రాయపూర్, జబల్‌పూర్, లక్నో, బరేలీ దాటుకుని ఉత్తరాఖండ్‌లో సితార్‌గంజ్ దగ్గర, హిమాలయాల పాదాల దగ్గర. ఇటు చివర పాత హిమాలయం, అటు చివర కొత్త హిమాలయం. రోడ్డేసిన వాళ్ళకి ఈ ఉద్దేశం లేదు లెండి. కానీ నాకు ఈ కథ చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి దొరకలేదు.

కొత్తదాంతో మొదలెడదాం. మన పలక, అంటే ఇండియా కూర్చున్న భూ ఫలకం, ఒకప్పుడు అంటార్కిటికాకి అంటుకుని ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయింది. దాదాపు 9 కోట్ల ఏళ్ళ క్రితం మడగాస్కర్‌ని కూడా వదిలించుకుని ఉత్తరానికి పరుగందుకుంది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్ల పైచిలుకు వేగం. పలకల లెక్కలో అది ఎక్స్‌ప్రెస్ రైలు కింద లెక్క. దారిలో ఉన్న టెథిస్ సముద్రపు అడుగుభాగం ఆసియా కిందకి దూరిపోతూ వచ్చింది. సముద్రపు పలక బరువైనది కాబట్టి మునుగుతుంది. ఇప్పటికీ అండమాన్, సుమత్రాల పక్కన మన పలక తూర్పు అంచు అలాగే మునుగుతోంది. 2004 డిసెంబరు 26న అక్కడ ఒక్కసారిగా జారినందుకే సునామీ వచ్చి, అంత దూరంలో ఉన్న ఆంధ్ర తీరంలో కూడా వంద మందికి పైగా పోయారు.

ఖండపు పలక అలా కాదు. తేలిక. మునగనంటుంది. సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం అయిపోయి ఇండియా ఆసియాకి నేరుగా గుద్దుకుంది. ఇద్దరిలో ఎవరూ కిందకి పోరు. ఇంకేముంది, ముడతలు పడి, ఒకదాని మీద ఒకటి ఎక్కి హిమాలయాలు లేచాయి. పైకి లేచింది మనకి కనబడుతుంది, కిందకి దిగింది కనబడదు. మామూలుగా 35, 40 కిలోమీటర్లుండే భూమి పైపొర టిబెట్ కింద 70 కిలోమీటర్ల దాకా ఉంది. ఆ బరువుకి కొండ ముందున్న నేల వంగి పల్లమైంది. కొండల మీంచి కొట్టుకొచ్చిన మట్టితో ఆ పల్లం పూడి గంగా మైదానం అయింది. కొండ ఎక్కడ లేస్తే పక్కనే పల్లం పడుతుంది. రెండూ కవలలు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

గుద్దుకున్నాక వేగం తగ్గింది గానీ ఆగలేదు. హైదరాబాదులో ఎన్‌జీఆర్‌ఐ దగ్గర జీపీఎస్ స్టేషను ఉంది. దాని లెక్క ప్రకారం మనం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి పోతున్నాం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజున ఆ బిల్డింగు ఉన్న చోటుకీ ఇప్పుడు ఉన్న చోటుకీ మీటరుకు పైగా తేడా. ఆన్‌సైట్ ఛాన్సు రాలేదని బాధపడేవాళ్ళు గమనించగలరు.

ఇప్పుడు రోడ్డుకి ఇటు చివరకొద్దాం. కొండపల్లి. ఖిల్లా, బొమ్మలు అందరికీ తెలుసు. ఆ ఖిల్లా కింద రాయి సంగతే ఎవరూ పట్టించుకోరు. కొండపల్లి, మైలవరం వైపు కనిపించే నల్లగా, జిడ్డుగా మెరిసే గట్టి రాయిని చార్నొకైట్ అంటారు. 1893లో థామస్ హాలండ్ అనే జియాలజిస్టు కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి రాయిని చూసి ఆ పేరు పెట్టాడు. రాయి మాత్రం మద్రాసు దగ్గర్నుంచి వెళ్ళింది. దీనికి తోడుగా ఎర్ర గార్నెట్ పలుకులతో మచ్చలు మచ్చలుగా ఉండే ఇంకో రాయి ఖోండలైట్. 1902లో వాకర్ అనే ఆయన తూర్పు కనుమల్లోని ఖోండుల పేరు మీద పెట్టాడు. గోండుల పేరు మీద గోండ్వానా, ఖోండుల పేరు మీద ఖోండలైట్. ప్రపంచ జియాలజీ పుస్తకాల్లో మన ఏజెన్సీ జనం పేర్లు ఉన్నాయన్నమాట, ఆ జనానికి ఆ సంగతి తెలుసో లేదో గానీ.

అసలు విషయం ఏంటంటే, ఈ రాళ్ళు నేల మీద పుట్టేవి కావు. వాటిలోని ఖనిజాలు కలిసి ఉన్న తీరుని బట్టి అవి ఎంత వేడిలో, ఎంత ఒత్తిడిలో తయారయ్యాయో లెక్క కట్టొచ్చు. కొండపల్లి రాళ్ళకి ఆ లెక్క 900 డిగ్రీలు దాటుతుంది. లోతు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు. అంటే ఏంటి? ఇవాళ మనం బస్సు కిటికీలోంచి చూసే రాయి ఒకప్పుడు పాతిక కిలోమీటర్ల లోతున ఉడుకుతోంది. దాని మీద ఉన్నదంతా అరిగి, కొట్టుకుపోయాకే అది పైకి తేలింది. హిమాలయాల్ని ఇంకో వంద కోట్ల ఏళ్ళు వానకీ ఎండకీ వదిలేస్తే చివరికి మిగిలేది ఇలాంటి గుట్టలే. చెట్టు పోయింది, వేరు మిగిలింది. మనం కొండపల్లి కొండలు అంటున్నది ఆ వేరుని.

కొండపల్లిలో ఇంకో విశేషం ఉంది. అక్కడ గాబ్రో లాంటి నల్లరాళ్ళు పొరలు పొరలుగా ఉన్నాయి. వాటి మధ్య క్రోమైట్ కూడా దొరికింది. కరిగిన రాయి నేల లోతుల్లో నిదానంగా చల్లారుతూ, బరువైన పలుకులు అడుక్కి చేరితే అలా పొరలొస్తాయి. ఉస్మానియా యూనివర్సిటీ ప్రొఫెసర్ సి. లీలానందం గారు ఈ కొండపల్లి రాళ్ళ మీద దశాబ్దాల పాటు పనిచేశారు. సముద్రపు పలక ఒకటి మునుగుతుంటే దాని పైన అగ్నిపర్వతాల వరస లేస్తుంది కదా, ఇండోనేషియాలో లాగా, అలాంటి వరస అడుగున పుట్టిన రాళ్ళుగా చాలామంది వీటిని చూస్తారు. కాలం సుమారు 160, 170 కోట్ల ఏళ్ళ కిందట. కనిగిరి దగ్గర ఏకంగా పాత సముద్రపు అడుగుభాగం ముక్కలే దొరికాయని, వాటి వయసు దాదాపు 133 కోట్ల ఏళ్ళని చెబుతున్నారు. టెథిస్ లాగా ఇక్కడా సముద్రాలు మునిగిపోయాయి.

అలా మునిగి మునిగి చివరికి ఖండాలు గుద్దుకున్నాయి. ఇటు పడమర వైపు ధార్వార్ అనే పాత గట్టి దిమ్మ. హైదరాబాదు గ్రానైట్ గుట్టలు, ఖమ్మం వైపు నేల అంతా దాని మీదే. తూర్పు నుంచి వచ్చింది ఇప్పటి అంటార్కిటికాలో భాగమైన నేల. ఒకేసారి జరిగిన పని కాదు. కృష్ణా గోదావరుల మధ్య భాగంలో 160 కోట్ల ఏళ్ళ నాటి గుర్తులు ఎక్కువ. గోదావరి దాటి విశాఖ వైపు వెళితే 100, 90 కోట్ల ఏళ్ళ నాటివి. ఆ తూర్పు ఒత్తిడి గుర్తు నల్లమల మీద కూడా ఉంది. కడప హరివాణంలో పరుపులు పరుపులుగా పేరుకున్న మట్టి, తూర్పు అంచున మడతలు పడి నల్లమల వరసలైంది. శ్రీశైలం వెళ్ళేటప్పుడు ఘాట్ రోడ్డులో పక్కకి తిరిగి చూస్తే ఒరిగిపోయిన రాతి పొరలు కనబడతాయి. అప్పట్లో దాన్ని ముడతలేసిన చెయ్యి ఇటు తూర్పు నుంచి వచ్చింది.

ఈ రెండు నేలల అతుకు కృష్ణా, ఖమ్మం జిల్లాల మధ్య పట్టీ గుండా పోతుంది. మా ఎ.కొండూరు, తిరువూరు ఆ అంచు ప్రాంతంలోనివే. మా రోడ్డు మీదే ఇంకాస్త ముందుకెళితే కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట వస్తుంది. అలాంటి వేడికీ ఒత్తిడికీ పుట్టిన ఎర్ర గార్నెట్లకి అది పేరు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో, రోమన్లతో వ్యాపారం జరిగిన రేవులో, దొరికిన గార్నెట్ పూసల రసాయన లెక్క ఈ గుట్ట రాళ్ళతో సరిపోయింది. ఖండాలు ఢీకొట్టుకున్న చోట పుట్టిన రాయి అలా పూసలై రేవు దాకా నడిచింది.

సరే, 160 కోట్ల ఏళ్ళ నాటి అతుకు ఇక్కడుందని ఎలా కనిపెడతారు? కొండ అరిగిపోయింది, సముద్రం లేదు, లాగులు ఎవరో డిలీట్ చేశారు. ఇక్కడ లీలానందం గారు, కెవిన్ బర్క్ తదితరులు కలిసి 2006లో రాసిన వ్యాసం నాకు భలే నచ్చింది. వాళ్ళ తర్కం ఇదీ. ఖండం చీలేటప్పుడు ఆ చీలికలో కొన్ని ప్రత్యేకమైన క్షారపు రాళ్ళు పుట్టుకొస్తాయి. ఆఫ్రికాలో ఇప్పుడు చీలుతున్న చోట అవే వస్తున్నాయి. మామూలుగా అవి నలగకుండా ఉండాలి. అవే రాళ్ళు నలిగి, సాగి, మెలిపడి కనబడ్డాయనుకోండి, అక్కడ మొదట నేల చీలింది, సముద్రం తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది, మూసుకునేటప్పుడు ఈ రాళ్ళు మధ్యలో ఇరుక్కున్నాయి అన్నమాట. అద్దంకి వైపు ఏల్చూరు, గోదావరిలో శబరి కలిసే కూనవరం ఇలా నలిగిన రాళ్ళున్న చోట్లు. వాటిని మ్యాపు మీద కలుపుకుంటూ పోతే తూర్పు కనుమల పడమటి అంచు వస్తుంది. డీబగ్గింగ్ అంటే ఇదీ.

దీని వెనకున్న మూల ఆలోచన టుజో విల్సన్‌ది. ఖండాలు కదులుతాయని వెగెనర్ 1912లో చెబితే నవ్వారు. 1960ల్లో ఒప్పుకోక తప్పలేదు. అప్పుడు 1966లో విల్సన్ ఇంకో ప్రశ్న వేశాడు. అట్లాంటిక్ ఒకసారి మూసుకుని మళ్ళీ తెరుచుకుందా అని. తెరుచుకుంది, అదీ దాదాపు పాత అతుకు దారి వెంటే. కుట్టేసిన చోటే బట్ట మళ్ళీ చిరిగినట్టు.

నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క ముక్కే. మన దగ్గర కూడా సరిగ్గా అదే జరిగింది. 13 కోట్ల ఏళ్ళ క్రితం ఇండియా, అంటార్కిటికా విడిపోయినప్పుడు చీలిక ఎక్కడో కొత్త చోట పడలేదు, ఆ పాత కొండల పట్టీ వెంటే పడింది. సగం ఇటు మిగిలి తూర్పు కనుమలైంది. సగం అటు పోయింది. అంటార్కిటికాలో ఆస్ట్రేలియా వాళ్ళ మాసన్ స్టేషను కట్టింది చార్నొకైట్ మీదే. మన దేశం 2012లో ప్రారంభించిన భారతి స్టేషను ఉన్న లార్సెమన్ గుట్టలు కూడా మన తూర్పు కనుమలకి దాయాదులే. మధ్యలో తెరుచుకున్నదే బంగాళాఖాతం. కొండ పుట్టిన చోటే సముద్రం పుట్టింది.

ఆ చీలిక అంచున దిగబడిన పల్లమే కృష్ణా గోదావరి బేసిన్. అయిదు కిలోమీటర్లకు పైగా మట్టి పేరుకుంది అందులో. ఆ మట్టిలో పూడిన జీవపదార్థమే కోనసీమ గ్యాస్, 2002లో సముద్రంలో దొరికిన డీ6 గ్యాస్. ఇంకా తమాషా ఏంటంటే, కొత్త హిమాలయాలు అరిగిన మట్టిని గంగా బ్రహ్మపుత్రలు తెచ్చి ఇదే బంగాళాఖాతంలో పోస్తున్నాయి. సముద్రం అడుగున అది సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున విసనకర్రలా పరుచుకుంది. పాత కొండ చిరిగిన గుంటని కొత్త కొండ పూడుస్తోంది. కొండా పల్లమూ కవలలని ఇందాక అన్నది ఇందుకే.

ఇక నాన్న ప్రశ్న. ములుగు సముద్రానికి చాలా దూరం కదా? అక్కడ ఇంకో అతుకు ఉంది. మన ధార్వార్ దిమ్మకీ, అటు బస్తర్ దిమ్మకీ మధ్య. ప్రాణహిత గోదావరి లోయ దాని మీదే ఉంది. ఇక్కడ కూడా అదే కథ. పాత అతుకు సాగి, దిగబడి, పొడుగాటి పల్లమైంది. పాతిక, ముప్ఫై కోట్ల ఏళ్ళ క్రితం అందులో అడవులు పూడి బొగ్గయింది. 1871లో విలియం కింగ్ అనే సర్కారీ జియాలజిస్టు ఇల్లెందు దగ్గర ఆ బొగ్గు కనిపెట్టాడు. సింగరేణి గనుల్లో ఒక బొగ్గు పొరని ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పిలుస్తారు. మా ఊరి రోడ్డు కొత్తగూడెం దగ్గర ఆ పల్లంలోకి దిగుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం కూడా ఈ లోయలోదే.

కారణం మళ్ళీ హిమాలయమే. పలక ముందు భాగం ఆసియాకి గుద్దుకుని ఆగింది. వెనక నుంచి తోపు ఆగలేదు. ఆ ఒత్తిడి పలకంతా పాకుతుంది. గట్టి దిమ్మలు తట్టుకుంటాయి, పాత అతుకులు ఎప్పుడో ఒకప్పుడు కాస్త జారతాయి. ఎప్పుడో రాసి, ఎవరూ ముట్టుకోని పాత మాడ్యూలు మీద కొత్త లోడు పడితే ఎక్కడ పగులుతుందో మనకి తెలియనిదా?

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. అరుగు మీద కూర్చుని ఓపిగ్గా విన్నాడు. "అయితే మనది గట్టి నేలే, కానీ అతికిన నేలంటావు" అన్నాడు. నేను రెండు గంటలు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. తర్వాత అడిగాడు, "సరేరా, ఇదంతా తెలిస్తే బోరులో నీళ్ళ సంగతి ఏమైనా తెలుస్తుందా?"

ఈ ప్రశ్న ఉత్తినే వచ్చింది కాదు. మా ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి మనుషుల్ని తినేస్తోంది. పేపర్లలో చూసే ఉంటారు. కూలికెళ్ళి ఇల్లు నడిపే వయసు వాళ్ళు డయాలసిస్ కోసం తిరుగుతున్నారు. కారణం ఇదీ అని ఖాయంగా ఎవరూ తేల్చలేదు. నీళ్ళే అన్న అనుమానం మాత్రం ఊళ్ళల్లో బలంగా ఉంది. "ఆ కొండల్లోనే ఏదో ఉంది" అనే మాట నేనే చాలాసార్లు విన్నాను.

రాళ్ళ చరిత్ర చదివినంత మాత్రాన జబ్బుకి కారణం చెప్పెయ్యకూడదు. అది డాక్టర్లు, పరిశోధకులు తేల్చాల్సింది. కానీ నాన్న ప్రశ్నకి ఒక జవాబు మాత్రం ఇవ్వగలిగాను. డెల్టాలో నీళ్ళు మట్టిలో, ఇసకలో ఉంటాయి. ఓ ఊరంతా దాదాపు ఒకే నీరు. మా వైపు అలా కాదు. పైన కాస్త మొరం, కింద రాయి, నీళ్ళు ఉండేది ఆ రాయి పగుళ్ళలో. ఆ రాయి రెండు నేలలు నలిగిన చోటుది, ఒక్క తీరున ఉండదు. నాలుగడుగులకి ఒక రాయి మారొచ్చు, పగులు మారొచ్చు. నీళ్ళు ఏ రాయిలో ఎంతకాలం నిలవుంటే ఆ రాయిలోని ఖనిజాలు అంత కరుగుతాయి. ఫ్లోరైడు నీళ్ళలోకి వచ్చేది అలాగే. కాబట్టి మా వైపు నేలలో పక్కింటి బోరు మంచిదైతే మన బోరూ మంచిదే అనుకోవడానికి లేదు. ఊరికొక శాంపిల్ తీసి "ఈ ఊరి నీళ్ళు ఇలా ఉన్నాయి" అనడం డెల్టాలో చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు. బోరు బోరుకీ పరీక్ష చేయించాలి, ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి.

"మరి మన బోరు చూపించావా ఎప్పుడైనా?" అన్నాడు నాన్న.

చూపించలేదు. పదిహేనేళ్ళ క్రితం నా జీతం డబ్బులతోనే వేయించిన బోరది. నీళ్ళు పడిన రోజు కొబ్బరికాయ కొట్టి, ఫోటో తీసుకుని బెంగుళూరు బస్సెక్కేశాను. 160 కోట్ల ఏళ్ళ సంగతులు తవ్వి తీసినవాణ్ణి, ఇంటి వెనక రెండు వందల అడుగుల లోతులో ఏముందో చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే శుభ్రంగా కడిగిన సీసాలో నీళ్ళు పట్టి, మీద తేదీ రాసి, లాబ్‌కి తీసుకెళ్ళాను. పక్కింటి పెద్దమ్మ చూసి "ఏంటబ్బాయ్ అది?" అంటే చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి ఇంకో సీసా పట్టుకొచ్చింది. నేను బయల్దేరే లోపు ఏడు సీసాలయ్యాయి. ఖర్చు మన టీముతో ఓ రోజు బయట భోజనం చేసినంత కూడా కాలేదు.

మనలో చాలామందికి ఇలాంటి ఊరొకటి ఉంటుంది, నల్లరాళ్ళ మీద, బోరు నీళ్ళ మీద బతికేది. ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు సంచిలో ఓ నాలుగు ఖాళీ సీసాలు పెట్టుకెళ్ళండి.